బాబు ఎత్తు, గోడ మీద గీత

పిల్లాడు పొట్టిగా ఉన్నాడని టెన్షన్ పడుతున్నారా? ముందు సరిగ్గా కొలవండి. మద్దిలపాలెంలో పదిహేనేళ్లుగా బట్టలు కుడుతున్న నేనే మా బాబు ఎత్తు రెండేళ్లు తప్పుగా కొలిచాను.

కుట్టుపని టేపు వద్దు, వాడగా వాడగా సాగుతుంది. వడ్రంగి వాడే స్టీలు టేపు తీసుకోండి. అడుగున టైలు అంచు పొడుచుకురాని గోడ చూసి, చెప్పులు తీయించి, మడమలు, పిరుదులు, వీపు ఆనేలా నిలబెట్టండి. చూపు తిన్నగా ఉండాలి. గట్టి అట్ట పుస్తకాన్ని గోడకు ఆనించి, జుట్టు అణిగేలా తల మీదికి దించి గీత పెట్టండి. సాయంత్రానికి ఎత్తు ఒక సెంటీమీటరు దాకా తగ్గొచ్చు కాబట్టి ఎప్పుడూ పొద్దున్నే కొలవండి. ఆరు నెలలకోసారి, నోట్‌బుక్కులో తేదీతో రాయండి.

నాలుగేళ్లు దాటాక, యుక్తవయసు వచ్చేలోపు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరగాలి. 4 కూడా పెరగకపోతే డాక్టరుకు చూపించడం ఆలస్యం చేయొద్దు. పెద్దయ్యాక ఎంత ఎత్తు రావచ్చో అంచనాకు, అమ్మానాన్నల ఎత్తులు సెంటీమీటర్లలో కలిపి, అబ్బాయికైతే 13 కూడి, అమ్మాయికైతే 13 తీసేసి, సగం చేయండి. మా ఆయన 163, నేను 150. బాబుకు 163 వచ్చింది. అటూఇటూ ఎనిమిది సెంటీమీటర్లు తేడా ఉండొచ్చు.

పిల్లల హార్మోన్ల డాక్టరు దగ్గరికి ఆ నోట్‌బుక్కు, పుట్టినప్పటి బరువు రాసిన కాగితం తీసుకెళ్లండి. థైరాయిడ్, కిడ్నీ, గోధుమ పడకపోవడం లాంటివి రక్తంలో చూస్తారు. ఎడమచేతి ఎక్స్‌రేలో ఎముకల వయసు, అంటే ఎముకలు ఎంతవరకు ఎదిగాయో తెలుస్తుంది. ఆడపిల్లలకు క్రోమోజోమ్ పరీక్ష తప్పకుండా అడగండి. ఎత్తు పెరగడానికి ఒంట్లో ఊరే గ్రోత్ హార్మోన్ విడతలు విడతలుగా, ఎక్కువగా నిద్రలో వస్తుంది. అందుకే ఒక్కసారి రక్తం తీసి చూస్తే ఏమీ తేలదు. పరగడుపున ఆ హార్మోన్ ఊరేలా చేసే మందు ఇచ్చి, గంటల తరబడి పలుమార్లు రక్తం తీస్తారు. టిఫిన్ వెంట పెట్టుకోండి, చివర్లో పిల్లాడు ఆకలితో ఏడుస్తాడు.

మావాడికి ఎనిమిదేళ్లు, 110 సెంటీమీటర్లు. అన్నీ నార్మల్. కారణం కనబడలేదు. ఇలాంటి పిల్లలకూ గ్రోత్ హార్మోన్ మందుగా ఇవ్వడానికి అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది. కానీ రోజూ ఇంజెక్షన్, ఏళ్ల తరబడి. చివరికి సగటున పెరిగేది 4 నుంచి 7 సెంటీమీటర్లు, అదీ అందరికీ కాదు. మందును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు. ఎముకల చివర్లు అతుక్కుని ఎదుగుదల ఆగాక వాడినా ఎత్తు పెరగదు. ఖర్చెంత, ఎన్నాళ్లు, ఎంత పెరిగితే కొనసాగిస్తారు, ఎప్పుడు ఆపేస్తారు అని మొదటిరోజే అడగండి. ఎత్తు పెంచుతుందన్న పౌడర్ డబ్బాలు నేను మూడు కొన్నాను. కొనకండి.

ఏడాదిలో 5 సెంటీమీటర్లు పెరిగాడు కాబట్టి మేం ప్రస్తుతం ఆగాం. డిసెంబరు మొదటి ఆదివారం మళ్లీ కొలవాలి. పెన్సిలు బాబే చెక్కి పెట్టుకున్నాడు.