క్లబ్బులో మనవాళ్ళకు మనమే శిక్షణ ఇచ్చుకోవాలంటే

పోయిన ఏడాది మార్చిలో నలుగురిలో మాట్లాడటం సాధన చేసే మా టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుకు ఒక కుర్రాడు వచ్చాడు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో లెక్కలు రాస్తాడు. మూడో వారం ఐస్‌బ్రేకర్ ఇచ్చాడు. తన గురించి తాను 4 నుంచి 6 నిమిషాలు చెప్పుకునే మొదటి ప్రసంగం అది. కాగితం పట్టుకున్న చెయ్యి వణుకుతూనే ఉంది, అయినా ఆగకుండా పూర్తి చేశాడు. తర్వాత ఎవాల్యుయేటర్, అంటే ప్రసంగం విని ఎలా ఉందో చెప్పాల్సిన సభ్యులు, లేచి, "చాలా బాగా మాట్లాడారు, ఐ కాంటాక్ట్ కొంచెం పెంచుకోండి, ఆల్ ది బెస్ట్" అని నిమిషం లోపే కూర్చున్నారు. రాసుకుందామని ఆ కుర్రాడు పెన్ను తీసి పెట్టుకున్నాడు. దాని మూత తీసే పనే పడలేదు. ఇంకో రెండు ఆదివారాలు వచ్చి మానేశాడు.

ఆ ఎవాల్యుయేటర్‌ని నేనే. నాది విజయవాడలో అకౌంట్స్ ఉద్యోగం. మార్చి నెల కాబట్టి తల నిండా ఆఫీసు లెక్కలే ఉన్నాయి. ఆ అబ్బాయి చెప్పింది చెవిన పడింది గానీ మనసుకు ఎక్కలేదు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని చెప్పేశాను. ఇంటికెళ్ళాక ఆలోచిస్తే, మా క్లబ్బులో అందరం అలాగే చెబుతున్నామని అర్థమైంది. మూడు నెలల పాటు మా సభ్యులకు ఎవాల్యుయేషన్ నేర్పే ప్రాజెక్టు ఒకటి నడిపాను. అది ఎలా చేశానో, మీరు చేస్తే ఎక్కడ జాగ్రత్తపడాలో ఇక్కడ రాస్తున్నాను.

టోస్ట్‌మాస్టర్స్ సభ్యులు మెట్టుమెట్టుగా పూర్తిచేసే పాఠాల కార్యక్రమం పేరు పాత్‌వేస్. అందులో అయిదో లెవెల్‌కు వచ్చినవాళ్ళకు హై పెర్ఫార్మెన్స్ లీడర్‌షిప్ అనే ప్రాజెక్టు ఉంటుంది. ఒక పని ఎంచుకోవాలి, సలహా చెప్పడానికి గైడెన్స్ కమిటీ పెట్టుకోవాలి, బృందాన్ని కూడగట్టి పని నడపాలి. మొదట్లో ప్లాన్ గురించి ఒక ప్రసంగం, అంతా అయ్యాక ఫలితం గురించి మరొకటి క్లబ్బులో ఇవ్వాలి. చాలామంది దీని కోసం రక్తదాన శిబిరమో, స్కూల్లో కార్యక్రమమో పెడతారు. అవి మంచి పనులే. కానీ సొంత క్లబ్బులో నీళ్ళు కారుతున్న చోటు కనిపిస్తుంటే ముందు అదే బాగుచేయాలని నా పట్టుదల. 1924 అక్టోబరు 22న కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో, వైఎంసీఏ భవనం కింది గదిలో రాల్ఫ్ స్మెడ్లీ మొదటి క్లబ్బు పెట్టినప్పటి నుంచీ ఒకరు మాట్లాడటం, మిగతావాళ్ళు విని ఎలా ఉందో చెప్పడమే ఇక్కడి చదువు. జీతం తీసుకునే మాస్టారు ఉండరు. వినేవాళ్ళే గురువులు. వాళ్ళు సరిగా వినకపోతే క్లబ్బులో నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

ముందు లెక్క తీయండి

"సభ్యుల నైపుణ్యాలు మెరుగుపరచడం" అని రాసుకుని మొదలుపెట్టకండి. అది ఎప్పుడు పూర్తయిందో ఎవరికీ తెలియదు. నేను నాలుగు మీటింగులు వెనక కుర్చీలో కూర్చుని, ప్రతి ఎవాల్యుయేటర్ చెప్పిన సలహాలు నోట్‌బుక్‌లో రాశాను. పక్కన ఒకే ప్రశ్న: ఈ సలహా విన్న మనిషికి ఇంటికెళ్ళి ఏం చేయాలో తెలుస్తుందా? తెలిస్తే టిక్కు. లేకపోతే ఖాళీ. నాలుగు వారాల్లో 11 ఎవాల్యుయేషన్లు జరిగితే మూడింటికే టిక్కు పడింది. దాంతో నా ప్రాజెక్టు ఒక్క వాక్యంలోకి వచ్చింది: సెప్టెంబరుకల్లా ప్రతి ఎవాల్యుయేషన్‌లో ఒక్కటైనా చేయదగిన సలహా ఉండాలి.

సెప్టెంబరే ఎందుకంటే, మా సభ్యత్వ రుసుము ఆరు నెలలకోసారి కట్టాలి. అక్టోబరు 1, ఏప్రిల్ 1 గడువులు. ఉండాలా మానాలా అని జనం ఆలోచించుకునేది దానికి ముందు నెలలోనే. పైగా దసరా వస్తే విజయవాడలో బండి కదలదు, అమ్మవారి భక్తులతో ఊరు నిండిపోతుంది, సగం మంది ఇంట్లో చుట్టాలుంటారు. ఆ పది రోజుల్లో ఏ పనీ పెట్టుకోకూడదు. శిక్షణకు ఆషాఢం మంచి నెల, పెళ్ళిళ్ళు ఉండవు. శ్రావణం వచ్చిందంటే ఆడవాళ్ళకు శుక్రవారాల పూజలు, అందరికీ శుభలేఖలు. అందుకని కష్టమైన క్లాసులన్నీ ఆషాఢంలోనే పెట్టాను. అందులోనూ ఒక ఆదివారం వదిలేశాను. మా వీధివాళ్ళం ఇంద్రకీలాద్రికి సారె తీసుకెళ్ళే రోజు అది. మీ ఊరి క్యాలెండర్ మీకుంటుంది. దాన్ని పక్కన పెట్టుకోకుండా తేదీలు వేస్తే ఖాళీ కుర్చీలకు పాఠం చెప్పాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. క్లబ్బు కమిటీ జులై 1న మారుతుంది. జూన్‌లో పాత ప్రెసిడెంటు సరే అన్నాడని ధీమాగా ఉండకండి. రాబోయే ప్రెసిడెంటుకూ, ముఖ్యంగా ఎవరికి ఏ పాత్ర ఇవ్వాలో చూసుకునే వైస్ ప్రెసిడెంట్ ఎడ్యుకేషన్‌కూ ముందే చెప్పి తేదీలు ఖాయం చేసుకోండి.

మనుషుల్ని అడగడం

గైడెన్స్ కమిటీకి నేను ముగ్గుర్ని అడిగాను. ఒకావిడ ఇలాంటి ప్రాజెక్టు ఇదివరకే పూర్తిచేశారు. రెండోవారు ఏ ప్లాను చూపించినా "ఇది జరగదమ్మా" అనే పెద్దమనిషి. ఆయన్ని కావాలనే పెట్టుకున్నాను. "వారానికి రెండు క్లాసులు" అని నేను రాస్తే ఆయనే కొట్టేయించారు. ఆ మాట వినకపోతే రెండో వారానికే చతికిలపడేవాళ్ళం. మూడో మనిషి చేరి నాలుగు నెలలే అయిన అమ్మాయి. కొత్తవాళ్ళకు ఏది బోధపడటం లేదో పాతవాళ్ళకు గుర్తుండదు.

శిక్షణ ఇచ్చే వలంటీర్లు ఆరుగురు కావాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు వాట్సాప్ గ్రూపులో "ఆసక్తి ఉన్నవారు ముందుకు రండి" అని పెట్టడం. బొటనవేళ్ళు బోలెడు వస్తాయి, మనుషులు రారు. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేయండి. ఏం చేయాలి, ఎంతసేపు, ఎప్పటితో అయిపోతుంది, వాళ్ళనే ఎందుకు అడుగుతున్నాం అన్న నాలుగు సంగతులూ చెప్పండి. నేను ఒకాయనకు చెప్పిన మాటలివి: "అన్నా, జులైలో రెండు ఆదివారాలు గంటసేపు కావాలి. నోట్స్ ఎలా రాసుకోవాలో మీరు చూపించాలి. రెండో ఆదివారంతో మీ పని అయిపోతుంది. మీరు మాట్లాడేవాళ్ళ మాటలు ఉన్నదున్నట్టు రాసుకోవడం నేను చూశాను, అందుకే అడుగుతున్నాను." ఆయన ఆలోచించి చెబుతానని కూడా అనలేదు, వెంటనే ఒప్పుకున్నారు. మనుషులు పనికి వెనకాడరు. ఎప్పటికి తెములుతుందో తెలియని పనికే వెనకాడతారు.

ఎవరైనా కాదంటే కారణం తవ్వకండి. "పర్లేదు, నవంబరులో అడుగుతాను" అని ఊరుకోండి.

క్లాసు లోపల

మా మీటింగు ఆదివారం పది గంటలకు. క్లాసు ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, ఆ తర్వాత ఇడ్లీ. ఇడ్లీ ముందు పెడితే తొమ్మిదింటిదాకా అవే తింటూ కూర్చుంటారు, ఆ తప్పు ఒకసారి చేశాం.

మొదటి క్లాసులో తెల్లకాగితం మధ్యలో గీత గీయించాం. ఎడమ పక్క "చూసింది, విన్నది". కుడి పక్క "నాకు అనిపించింది". ఒకరు రెండు నిమిషాలు మాట్లాడతారు, మిగతావాళ్ళు ఎడమ పక్క మాత్రమే రాయాలి. వినడానికి సులువుగా ఉంటుంది గానీ చాలా కష్టం. "కాన్ఫిడెన్స్ లేదు" అని రాశారు ఒకరు. అది చూసింది కాదు, అనిపించింది. చూసిందేమిటి? "మొదటి నిమిషంలో మూడుసార్లు వాచీ సవరించుకున్నారు." ఈ రెండో వాక్యం వింటే మాట్లాడినవాళ్ళకు ఏం మానుకోవాలో తెలుస్తుంది. మొదటిది వింటే ఉన్న ధైర్యం కూడా పోతుంది. ఈ ఒక్క తేడా పట్టుబడటానికి మాకు రెండు క్లాసులు పట్టింది. మూడు పట్టినా ఇక్కడ తొందరపడకండి.

తర్వాత, రాసుకున్న పది విషయాల్లోంచి ఒక్కదాన్ని ఎంచుకోవడం నేర్పాం. ఎవాల్యుయేషన్‌కు ఇచ్చేది 2 నుంచి 3 నిమిషాలు. టైమర్ 2 నిమిషాలకు ఆకుపచ్చ, రెండున్నరకు పసుపు, 3కు ఎరుపు కార్డు చూపిస్తారు. అందులో పదీ చెబితే ఒక్కటీ గుర్తుండదు. పొగడ్త, సలహా, మళ్ళీ పొగడ్త అనే శాండ్‌విచ్ పద్ధతి అందరికీ తెలిసిందే. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. జనం పైనా కిందా బ్రెడ్డు పెట్టి మధ్యలో ఏమీ పెట్టడం మర్చిపోతున్నారు. మెచ్చుకున్నా సరే అందులో ఎడమ పక్క రాసుకున్నది ఉండాలన్నదే మా నియమం. "బాగుంది" అనకూడదు, ఏ మాట దగ్గర బాగుందో చెప్పాలి.

మూడో క్లాసులో అసలు అడ్డంకి బయటపడింది. మా క్లబ్బులో ప్రసంగాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే. ఎవాల్యుయేషన్ కూడా ఇంగ్లీషే. మందుల షాపులో పనిచేసే ఒక అమ్మాయికి రిటైరైన హెడ్మాస్టారిని ఎవాల్యుయేట్ చేసే వంతు వచ్చింది. లేచి, "సర్, ఎవ్రీథింగ్ వాజ్ ఎక్సలెంట్" అని ఆగిపోయింది. ఆమె కాగితం ఎడమ పక్క నిండా రాసి ఉంది. "తెలుగులో చెప్పమ్మా" అన్నాను. ఇంకా ఇబ్బందిపడింది. "ఆయనకు నేను చెప్పేదేంటి మేడమ్" అంది మెల్లగా.

"తప్పు చెప్పొద్దు. నువ్వు కూర్చున్న కుర్చీలోంచి ఏం కనిపించిందో అది చెప్పు" అన్నాను.

కాసేపు కాగితం వంక చూసుకుంది. తర్వాత అంది: "మాష్టారూ, మీ అమ్మగారు దీపం దగ్గర కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించేవారన్నారు కదా. అది చెప్పేటప్పుడు మీరు కాగితంలోకి చూశారు. అక్కడ మీ మొహం నాకు కనిపించలేదు. చూడాలనిపించింది."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మాష్టారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. "అది నాకు నోటికి వచ్చమ్మా, కాగితం అక్కర్లేదు" అన్నారు. రెండు వారాల తర్వాత అదే ప్రసంగం మళ్ళీ ఇచ్చినప్పుడు, ఆ చోటికి రాగానే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

అప్పటి నుంచి ప్రతి అభ్యాసం ముందు తెలుగులో, తర్వాతే ఇంగ్లీషులో చేయించాం. పరాయి భాషలో మనకు నోటికొచ్చిన మెచ్చుకోలు మాటలే బయటికొస్తాయి. సొంత భాషలో చూసింది చూసినట్టు చెప్పగలుగుతాం. పెద్దవాళ్ళకు చెప్పడానికి కూడా మన భాషలోనే దారి ఉంది. "మీరు ఇలా చేయాలి" అనకుండా "నాకు ఇలా వినిపించింది, ఇలా ఉంటే నాకు ఇంకా అందేది" అంటే ఎవరి గౌరవానికీ లోటు రాదు.

చివరి రెండు వారాలు మామూలు మీటింగుల్లోనే నేర్చుకునేవారి పక్కన ఒక వలంటీరు కూర్చున్నారు. ఏమీ చెప్పరు, అడిగితేనే చూపుడువేలితో కాగితం మీద ఒక గీత చూపిస్తారు. అంతే.

నేను చేసిన తప్పు

నాలుగో క్లాసు చెప్పాల్సిన ఆయన శనివారం రాత్రి పదకొండింటికి, ఊళ్ళో లేను, రాలేనని మెసేజ్ పెట్టారు. నేనే చెప్పేశాను. తర్వాతి వారం ఇంకొకరు ఆలస్యమైతే అదీ నేనే మొదలుపెట్టాను. ఆరో వారానికి మిగతావాళ్ళు "మేడమ్ ఉన్నారుగా" అనే ధైర్యంతో సిద్ధం కాకుండా రావడం మొదలైంది. తప్పు వాళ్ళది కాదు. వాళ్ళకిచ్చిన పనిని నేనే వెనక్కి లాక్కున్నాను.

అప్పుడు ఆరుగుర్ని మూడు జంటలు చేశాం. ఒకరు రాకపోతే రెండోవారు చెప్పాలి, నేను కాదు. శుక్రవారం సాయంత్రం ఆ జంటకు నేను ఫోన్ చేసి ఒకే మాట అడిగేదాన్ని: "మొదటి పది నిమిషాలు ఏం చేయిస్తారు?" జవాబు ఉంటే సిద్ధంగా ఉన్నట్టు. లేకపోతే అక్కడే కలిసి ఆలోచించేవాళ్ళం. ఒక ఆదివారం ఇద్దరూ రాలేదు. క్లాసు రద్దు చేసి ఇడ్లీ తిని మీటింగుకు వెళ్ళాం. నాకు చాలా కష్టమనిపించింది గానీ, ఆ తర్వాత ఎవరూ ఎగ్గొట్టలేదు.

కృతజ్ఞతలు కూడా ఎవాల్యుయేషన్ లాగే చెప్పాలి. "అందరికీ ధన్యవాదాలు" సరిపోదు. ఒక్కొక్కరికీ కార్డు మీద వాళ్ళు చేసిన ఒక పని, అది ఏ రోజు, దానివల్ల ఎవరికి ఏం మారింది, చేత్తో రాసి ఇచ్చాను. ఆరు కార్డులకు ఒక సాయంత్రం పట్టింది.

ముగించేటప్పుడు

సెప్టెంబరులో మళ్ళీ నాలుగు మీటింగులు అదే వెనక కుర్చీలో, అదే నోట్‌బుక్‌తో కూర్చున్నాను. 12 ఎవాల్యుయేషన్లలో 9 టిక్కులు వచ్చాయి. అనుకున్నది "ప్రతి ఒక్కటీ". చేరుకోలేదని రెండో ప్రసంగంలో అలాగే చెప్పాను. మిగిలిన మూడూ క్లాసులకు రాని ముగ్గురివి. వాళ్ళ కోసం నవంబరులో చిన్న బ్యాచ్ పెట్టమని నోట్‌బుక్, క్లాసుల కాగితాలు వైస్ ప్రెసిడెంట్ ఎడ్యుకేషన్‌కు అప్పజెప్పాను. ఆ బ్యాచ్‌ను నడిపేది ఆ మందుల షాపు అమ్మాయి.

ఒక పని మాత్రం నా జాబితాలో చివరిదాకా మిగిలిపోయింది. ఆటోనగర్ అబ్బాయికి ఫోన్ చేశాను. "మార్చిలో మీకు సరిగా చెప్పలేదు, ఇప్పుడు చెప్పొచ్చా?" అని అడిగాను. ఆశ్చర్యపోయి, చెప్పండి మేడమ్ అన్నాడు. అతని ప్రసంగంలో నాకు ఒక్కటే గుర్తుంది. తెల్లవారుజామున వాళ్ళ నాన్న షెడ్డు షట్టర్ ఎత్తే చప్పుడుకు ఇల్లంతా లేచేదట. "ఆ చప్పుడుతోనే మొదలుపెట్టి ఉంటే నేను ఆఫీసు లెక్కలు మర్చిపోయి మీ మాటే వినేదాన్ని" అన్నాను. అవతల పక్క కాగితం చప్పుడు, పెన్ను వెతుక్కుంటున్న చప్పుడు. "మేడమ్, ఇప్పుడు ఆదివారం పొద్దున నాకు డ్యూటీ ఉంటోంది. సాయంత్రం పూట జరిగే క్లబ్బు ఏదైనా ఉందా?" అని అడిగాడు. కనుక్కుని చెబుతానన్నాను.