డాబా మీది డిష్‌తో ఆర్థర్ సి. క్లార్క్ పాఠం

బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ గురించి హైస్కూలు పిల్లలకు చెప్పాలంటే పుట్టిన ఊరు, రాసిన పుస్తకాల జాబితాతో మొదలుపెట్టకండి, పది నిమిషాల్లో ఆవలింతలు మొదలవుతాయి. ఆయన సైన్స్ ఫిక్షన్‌కు అడుగున ఉన్నది లెక్క. ఆ లెక్కను గచ్చు మీద గీయించి, ఆ తర్వాత పిల్లల్ని డాబా ఎక్కించండి. నెల్లూరు జిల్లాలో ఏ జడ్పీ హైస్కూల్లోనైనా గంటన్నరలో అయ్యే పని ఇది. ఆయన పుట్టింది 1917 డిసెంబరు 16న. ఆ రోజే పెట్టుకోవాలనుకుంటే, మనకప్పటికి ఈశాన్య రుతుపవనాల వాన పూర్తిగా వదలదు కాబట్టి గీసే పని వరండాలోనే పెట్టుకోండి.

రెండు రంగుల సుద్దముక్కలు, రెండు మీటర్ల పురికొస, స్కేలు, దిక్సూచి చాలు. నైలాన్ తాడు వద్దు, లాగితే సాగి వలయం వంకర పోతుంది.

ముందు 15 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో భూమిని గీయండి. అదే కేంద్రం నుంచి 99 సెంటీమీటర్ల పురికొసతో పెద్ద వలయం తిప్పండి. అసలు కొలతలో అది భూమి కేంద్రం నుంచి 42,164 కిలోమీటర్లు. కేంద్రం నుంచి అంత దూరంలో, భూమధ్యరేఖకు నేరుగా పైన తిరిగే ఉపగ్రహానికి, తన చుట్టూ తాను తిరిగే భూమికి ఒకటే సమయం పడుతుంది. అందుకే కింద నుంచి చూస్తే అది కదలనట్టే ఉంటుంది. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. పుస్తకాల్లో ఉండే 35,786 కిలోమీటర్లు నేల నుంచి ఎత్తు. దాన్ని కేంద్రం నుంచి కొలిస్తే వలయం 84 సెంటీమీటర్లకే ఆగిపోతుంది. అక్కడి ఉపగ్రహం భూమి కంటే ముందే చుట్టు పూర్తి చేసేస్తుంది.

పురికొస పొడవు మార్చకుండా పెద్ద వలయం మీద వరసగా గుర్తులు పెడితే ఆరు వస్తాయి. ఒకటి విడిచి ఒకటి తీసుకుని, ఆ మూడింటినీ ఎర్ర సుద్దతో కలపండి. ఏ గీతా భూమిని తాకదు. మూడు ఉపగ్రహాలు ఒకదాన్నొకటి చూసుకుంటూ దాదాపు భూమి అంతటికీ రేడియో అందిస్తాయి. 1945 అక్టోబరు వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో క్లార్క్ రాసింది ఇదే. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు. బ్రిటిష్ వైమానిక దళంలో రాడార్ పని, చేతిలో డిగ్రీ లేదు. అది 1948లో వచ్చింది. మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగరడానికి ఇంకా పన్నెండేళ్లుంది.

ఆయన పొరపడిన చోటు కూడా చెప్పండి, పిల్లలకు అదే బాగా గుర్తుంటుంది. ఆ ఉపగ్రహాల్లో మనుషులుండి పని చూసుకుంటారనుకున్నాడు. రేడియోలు వాల్వులతో నడిచే రోజులవి, బల్బుల్లాంటి ఆ గాజు గొట్టాలు మాడిపోతే మార్చడానికి మనిషి కావాలి. 1964లో అమెరికా ఉపగ్రహం సింకామ్-3 ఆ కక్ష్యలో నిలిచేసరికి మనిషి అవసరమే లేకపోయింది.

ఇప్పుడు ఒక ప్రశ్న వేయండి: శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ ఉపగ్రహాన్ని ఈ బొమ్మలో ఎక్కడ వదులుతుంది? రాకెట్టు పొగను ఇంటి మీద నుంచి చూసిన పిల్లలు సుద్ద పట్టుకుని దూరంగా వెళ్తారు. 500, 600 కిలోమీటర్లంటే భూమి గీతకు పైన సెంటీమీటరున్నర కూడా ఉండదు. వేలి మందం. క్లార్క్ ఎంత దూరం ఆలోచించాడో అర్థమయ్యేది ఇక్కడే, తొందరపడి దాటేయకండి.

ఇక డాబా. డీడీ ఫ్రీ డిష్ చూసేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న జీశాట్-15 ఉపగ్రహం వైపు. నెల్లూరు నుంచి అది ఉత్తరం నుంచి సవ్యదిశలో 136 డిగ్రీలకు, అంటే ఆగ్నేయంగా, 67 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. దిక్సూచిని డిష్ గొట్టానికి ఆనించి చూస్తే ఇనుము ముల్లును లాగేస్తుంది. నాలుగడుగులు వెనక్కి జరిగి చూడాలి. పళ్లెం మాత్రం 67 డిగ్రీలకు తిరిగినట్టు కనబడదు, నలభై అయిదుకు అటూఇటూ ఉంటుంది. మనం వాడేవి ఆఫ్‌సెట్ డిష్‌లు. సిగ్నల్ పైనుంచి ఏటవాలుగా పడి, కింది చేతికున్న ఎల్‌ఎన్‌బీలోకి, అంటే సిగ్నల్ పట్టే ముక్కలోకి మళ్లుతుంది. పళ్లేనికి ఎదురుగా వేలు చూపిస్తే పిల్లలు ఉత్త ఆకాశాన్ని చూసినట్టే.

"ఇది మన శ్రీహరికోట నుంచే పోయిందా సార్?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. కాదు. మూడు టన్నులు దాటిన బరువు, అప్పటి మన జీఎస్‌ఎల్‌వీ రాకెట్టుకు ఎక్కువ. 2015లో ఫ్రెంచ్ గయానా నుంచి పంపారు.

డాబా మీదే ఇంకో సంగతి చెప్పండి. 1975-76లో నాసా ఉపగ్రహం సాయంతో ఇస్రో 2,400 పల్లెలకు నేరుగా టీవీ పాఠాలు పంపింది. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. అప్పుడే ఇస్రో ఇంజనీర్లు కొలంబోలోని క్లార్క్ ఇంటికీ ఒక యాంటెనా బిగించారు. ఆయన 1956 నుంచి శ్రీలంకలోనే ఉన్నాడు. నీళ్లలో మునిగితే అంతరిక్షంలో తేలినట్టుంటుందని డైవింగ్ పట్టుకున్నాడు. త్రింకోమలీ దగ్గర కడలి అడుగున కోణేశ్వరం గుడి శిథిలాలు ఆయన, ఆయన మిత్రుడు కనుగొన్నవే. తీరపు ఊళ్లలో పాఠమైతే ఈ భాగానికి ఇంకాస్త సమయం ఇవ్వండి.

కిందికి దిగాక చివరి పని. పేరున్న, వయసు మళ్లిన శాస్త్రవేత్త సాధ్యమంటే నమ్మొచ్చు, అసాధ్యమంటే బహుశా పొరపాటే అనేది క్లార్క్ చెప్పిన సూత్రం. ఒక్కొక్కరి చేత ఒక అసాధ్యం చీటీ మీద రాయించండి. లెక్కే ఒప్పుకోనివి ఒక కుప్ప, సరుకు దొరక్క ఆగినవి ఒక కుప్ప. మచ్చుకి ఆయన 1979 నవలలోని అంతరిక్ష లిఫ్టును, అంటే నేల నుంచి తాడు పట్టుకుని అంతరిక్షంలోకి ఎక్కే లిఫ్టును, మీరే వేసి చూపించండి. భూమి గీత నుంచి పెద్ద వలయం దాకా 84 సెంటీమీటర్ల గీత గీయండి. లెక్క ఒప్పుకుంటుంది, అంత పొడవున తన బరువు తానే మోసే తాడు మాత్రం ఇంకా ఎవరూ చేయలేదు. కాబట్టి రెండో కుప్ప.