మొదటి డిస్క్ గోల్ఫ్ టోర్నమెంట్‌కు వెళ్తున్నారా? విసిరేవాళ్ల ముందుకు మాత్రం వెళ్లకండి

మొన్న ఆదివారం పొద్దున నగర శివారులోని ఒక మైదానంలో కొత్తవాళ్లు ప్రాక్టీసు చేస్తుంటే ఒక అబ్బాయి దవడకు డిస్కు తగిలి కుట్లు పడ్డాయి. విసిరిందేమీ కండలు తిరిగిన ఆటగాడు కాదు, ఆటకు కొత్తగా వచ్చిన ఇంటర్ అమ్మాయి. దెబ్బ తిన్న అబ్బాయి ఆమెకు పదిహేను అడుగుల ముందు, కాస్త కుడిపక్కన నిలబడి, తల వంచుకుని ఫోన్లో స్కోరు ఎక్కిస్తున్నాడు. రుమాలు అదిమి పట్టుకుని అతను అన్న మొదటి మాట: "నేను అడ్డం లేనన్నా, పక్కకే ఉన్నా."

డిస్క్ గోల్ఫ్ అంటే కర్ర, బంతి బదులు డిస్కు విసురుతూ, వీలైనన్ని తక్కువ త్రోల్లో గొలుసులు వేలాడే బాస్కెట్‌లో పడేసే ఆట. ఒక్కో బాస్కెట్ దాకా ఆడేది ఒక హోల్. ఈ ఆటలో దెబ్బ తగిలిన ప్రతివాళ్లూ చెప్పే మాట ఇదే. అందుకే టోర్నమెంట్‌కు పేరు ఇచ్చిన కొత్తవాళ్ల కోసం ఇది రాస్తున్నా. నీళ్లు తాగండి, టోపీ పెట్టుకోండి, రాత్రి బాగా నిద్రపోండి అని చెప్పను. హైదరాబాద్ ఎండలో పెరిగినవాళ్లకు అది నేర్పాలా?

అన్నిటికంటే ముందు

విసరబోయే మనిషి కంటే ముందు ఎవరూ ఉండకూడదు. ఎదురుగానే కాదు, ముందువైపు పక్కల్లో కూడా.

ఎందుకో చెప్తా. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా వెనక్కి లాగి) విసిరే కొత్తవాళ్లకు పట్టు వదలాల్సిన క్షణం ఇంకా చేతికి అలవాటు కాదు. రవ్వంత ముందుగా వదిలితే డిస్కు ఎడమకు పోతుంది, ఆలస్యంగా వదిలితే కుడికి దూసుకుపోతుంది. ఆలస్యంగా వదిలిన డిస్కే ప్రమాదం, ఎందుకంటే అప్పటికి చేతి ఊపు అంతా అందులోకి ఎక్కి ఉంటుంది. అంటే కొత్త ఆటగాడి విషయంలో బాస్కెట్ వైపు గీసిన గీత కంటే ఆ గీతకు రెండు పక్కలే ఎక్కువ భయం. "పక్కకే ఉన్నా" అన్నవాడు సరిగ్గా దెబ్బ తగిలే చోటే నిలబడ్డాడన్నమాట.

ఇక ఆ వస్తువు సంగతి. బీచ్‌లో ఆడుకునే ఫ్రిస్బీ అనుకుని తేలిగ్గా తీసుకుంటారు. అల్టిమేట్ (రెండు జట్లు ఆడే ఫ్రిస్బీ ఆట) డిస్కు 175 గ్రాములు, దాదాపు 27 సెంటీమీటర్ల వెడల్పు, అంచు మందంగా గుండ్రంగా ఉంటుంది. డిస్క్ గోల్ఫ్‌లో దూరం విసరడానికి వాడే డ్రైవర్ అనే డిస్కు కూడా ఇంచుమించు అంతే బరువు, కానీ వెడల్పు 21 సెంటీమీటర్లే. అంచు పలచగా, గట్టిగా ఉంటుంది. క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములు. అంటే మీరు విసిరేది చాలాసార్లు క్రికెట్ బంతి కంటే బరువైనది, పైగా అంచు ఉన్నది. కొత్తవాళ్ల చేతిలో కూడా అది గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. హెల్మెట్ లేకుండా సిల్లీ పాయింట్‌లో నిలబడతారా?

అసలు ఈ తప్పు ఎందుకు జరుగుతుందంటే, టీ (హోల్‌లో మొదటి త్రో విసిరే చోటు) దగ్గర అందరూ బుద్ధిగా వెనకే ఉంటారు. అక్కడ గొడవ లేదు. గ్రూపులోని నలుగురూ విసిరాక ఎవరి డిస్కు దగ్గరికి వాళ్లు నడుస్తారు. నియమం ప్రకారం బాస్కెట్‌కు ఎవరు దూరంగా ఉంటే వాళ్లదే తర్వాతి త్రో. కానీ బాగా విసిరినవాడి కాళ్లు ఆగవు. తన డిస్కు ముప్ఫై మీటర్ల ముందు కనబడుతుంటే వెనకాల ఇంకొకరు విసరాలన్న సంగతి మరిచిపోయి వెళ్లిపోతాడు. వెనక ఉన్నవాళ్లు మొహమాటంతో "ఆగన్నా" అనరు. ఇద్దరిదీ తప్పే. ఈ ఆటలో మొహమాటం పనికిరాదు. ముందు మనిషి ఉంటే డిస్కు దించండి, గట్టిగా పిలవండి, వెనక్కి రమ్మనండి. ఆ మనిషి మీకంటే పెద్దాయన అయినా సరే, టోర్నమెంట్ పెట్టినాయన అయినా సరే.

"ముప్ఫై సెకన్లలో విసరాలట కదా, ఆగితే పెనాల్టీ పడదా?" అని కొత్తవాళ్లు కంగారు పడతారు. పడదు. ఎదుట చోటు ఖాళీ అయ్యేదాకా ఆ లెక్క మొదలవదు. ఈ ఆట నియమాలు రాసే పీడీజీఏ (ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్) పుస్తకంలోనే ఉంది: మీ త్రో వల్ల ఎవరికీ దెబ్బ తగలదని నమ్మకం కుదిరాకే విసరాలి. కాబట్టి వాకింగ్ చేసే ఆంటీ దాటేదాకా ఆగండి, పల్లీల బండి దాటేదాకా ఆగండి. మన దగ్గర బాస్కెట్లు చాలావరకు తాత్కాలికంగా, పదిమంది తిరిగే మైదానంలోనే పెడతారు. గ్రౌండు మీది అనుకోవద్దు.

డిస్కు అదుపు తప్పితే "ఫోర్!" అని అరవాలని చదివే ఉంటారు. మీ గ్రూపు వరకు సరే. పక్కన నాలుగు క్రికెట్ మ్యాచ్‌లు నడిచే మన గ్రౌండ్లలో మాత్రం ఆ అరుపు వింటే పిల్లలు బౌండరీ పోయిందనుకుని తల ఎత్తి మరీ చూస్తారు. "తల! తల! జరగండి!" అని అరవండి. అదే అరుపు మీకు వినబడితే ఎటునుంచి వస్తోందా అని చూడొద్దు. అరుపుకు వీపు తిప్పి, రెండు చేతులతో తల కప్పుకుని, కిందికి కూర్చోండి.

సంచిలో ఏముండాలి

మూడు డిస్కులు చాలు. బాస్కెట్ దగ్గర్నుంచి వేసే పుట్లకు ఒక పుట్టర్, మధ్య దూరానికి ఒక మిడ్‌రేంజ్, ఒక నెమ్మదైన డ్రైవర్. డిస్కు మీద నాలుగు అంకెలుంటాయి: స్పీడ్ (ఎంత వేగంగా విసరాలి), గ్లైడ్ (గాలిలో ఎంత తేలుతుంది), టర్న్ (మొదట్లో ఎంత వంగుతుంది), ఫేడ్ (చివర్లో ఎంత వంగుతుంది). మొదటి అంకె ఏడు దాటిన డిస్కు మొదటి టోర్నమెంట్‌కు వద్దు. స్పీడ్ పన్నెండు, పదమూడు ఉన్న డ్రైవర్లు ఎగరాలంటే చేతిలో అంత వేగం ఉండాలి. లేకపోతే దూరం పోకపోగా, కుడిచేతివాళ్లకు ఎడమకు వంగి పక్క హోల్ ఆడేవాళ్ల మీదికి పోతాయి. టోర్నమెంట్‌కు రెండు రోజుల ముందు ఆన్‌లైన్లో కొత్త డ్రైవర్ తెప్పించుకునే జబ్బు చాలామందికి ఉంది. దాన్ని ఇంట్లోనే వదిలి రండి.

డిస్కు అడుగున పేరు, ఫోన్ నంబరు చెరగని మార్కర్ పెన్నుతో రాయండి. పాత తువ్వాలు ఒకటి పెట్టుకోండి, చెమట చేతుల్లోంచి డిస్కు జారితే ఎటు పోతుందో పైన చెప్పా. డిస్కు పడ్డ చోటును గుర్తుపెట్టే చిన్న మార్కర్ డిస్కు తప్పకుండా ఉండాలి. కింద పడ్డ డిస్కుకు ముందు అంచున, బాస్కెట్ వైపు దాన్ని పెట్టి, దాని వెనక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు చోటులో కాలు ఆనించి విసరాలి. కొత్తవాళ్లు కాలు పక్కకు వేసి పెనాల్టీ తెచ్చుకునేది ఇక్కడే.

డివిజన్ (ఆటగాళ్ల స్థాయిని బట్టి చేసే విభాగం) ఎంచుకునేటప్పుడు మొహమాటం, గొప్పలు రెండూ వద్దు. ఎంఏ4 నోవిస్, అంటే బొత్తిగా కొత్తవాళ్లకు. ఎంఏ3 రిక్రియేషనల్, అంటే సరదాగా ఆడేవాళ్లకు. ఆ రెంటిలో ఏది ఉంటే అందులో పేరు ఇవ్వండి.

నేల, ఆకాశం

మన నేల దక్కన్ గ్రానైట్. ఎక్కడ చూసినా గుండ్లు, వాటి మధ్య మొరం, సర్కారు తుమ్మ. తుమ్మ ముల్లు మామూలు రన్నింగ్ షూ అడుగును చీల్చుకుని పాదంలోకి దిగుతుంది. గట్టి అడుగున్న బూట్లు వేసుకోండి. మొరం మీద పరుగెత్తి విసరొద్దు. పొడి మొరం మీద కాలు జారితే మోకాలు పోతుంది, తడి గుండు మీద జారితే నడుమే పోతుంది. నిలబడి విసిరితే పది మీటర్లు తగ్గుతుందంతే.

వానలు పడ్డాక వయ్యారిభామ నడుం దాకా పెరుగుతుంది. తుమ్ములు, దురద ఉన్నవాళ్లు నిండు చేతుల చొక్కా వేసుకోండి. గుండ్ల సందులో, పొదలో పడ్డ డిస్కు కోసం చెయ్యి పెట్టొద్దు. కర్రతో కదిలించండి, చప్పుడు చేయండి, తర్వాత లాగండి. వెతకడానికి మూడు నిమిషాలే సమయం, ఆ తర్వాత అది పోయినట్టే లెక్క: ఒక పెనాల్టీ త్రో, మళ్లీ పాత చోటు నుంచే విసరాలి. పోనివ్వండి. పాము కాటు వేస్తే కట్లు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కదలకుండా కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలిదుమారం లేచి ఉరుములు మొదలైతే ఆట ఆపేయండి. బాస్కెట్ అంటే ఇనుప స్తంభం, దానికి గొలుసులు. దాని పక్కన, ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. కారులోకో పక్కా భవనంలోకో పోండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన, పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ ముందురోజే ఫోన్లో వేసుకోండి. హారన్ మోగితే ఆట ఆగినట్టు. "ఈ ఒక్క పుట్ వేసి వస్తా" అనొద్దు.

ఇక మిగిలినవి, గుర్తొచ్చిన వరుసలో

ముందురోజు సాయంత్రం వందసార్లు విసిరి భుజం నొప్పితో రావద్దు. ఇరవై పుట్లు వేసి ఇంటికి పోండి.

సమయానికి రండి. మీరు లేకుండా మీ గ్రూపు ఆడిన ప్రతి హోల్‌కూ మీ పేరున పార్ (ఆ హోల్‌కు అనుకున్న త్రోల లెక్క) ప్లస్ నాలుగు పడుతుంది. గచ్చిబౌలి ట్రాఫిక్ అంటే ఎవరూ వినరు.

బాస్కెట్‌కు పది మీటర్ల లోపల పుట్ వేశాక, మార్కర్ వెనకే నిలదొక్కుకుని చూపించాలి. ఆ తర్వాతే ముందుకు అడుగు.

ఒక్క చెవిలో కూడా ఇయర్‌ఫోన్ వద్దు. అరుపు వినబడాలి.

నడుస్తూ స్కోరు ఎక్కించొద్దు. ఫోన్ తీయాలంటే ముందు విసిరేవాళ్ల వెనక్కి రండి.

విసిరేవాళ్ల ముందుకు వెళ్లొద్దు. వాళ్లు మీ తమ్ముడైనా, మెల్లగా విసిరే పెద్దావిడైనా.

వీడియో తీయడానికి ముందుకు వెళ్లి కూర్చోవద్దు. రీల్ కోసం కన్ను పోగొట్టుకుంటారు. వెనక నుంచి తీసుకోండి.

చూడ్డానికి వచ్చిన ఇంట్లోవాళ్లకు కూడా ఈ మాట చెప్పండి. పిల్లల చెయ్యి పట్టుకోమనండి.

మలుపు ఉన్న హోల్‌లో, పొద చాటున బాస్కెట్ ఉన్న చోట ఒకరిని పంపించి ముందు గ్రూపు వెళ్లిందో లేదో చూసి రమ్మనండి. ఆ మనిషి తిరిగి మీ వెనక్కి వచ్చేదాకా విసరొద్దు.

కుక్క డిస్కు ఎత్తుకుపోతే వెంటపడొద్దు. ఆగిన డిస్కును జంతువు కదిలిస్తే, అది మొదట ఉన్న చోటునే మార్క్ చేసుకుని ఆడొచ్చు. కరిస్తే సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)కో దగ్గరలోని ఆస్పత్రికో వెళ్లి టీకా వేయించుకోండి. "చిన్న గీతే" అనొద్దు.

చెరువు ఒడ్డున డిస్కు నీళ్లలో పడితే దిగొద్దు. నీళ్లు మామూలుగా అవుట్ ఆఫ్ బౌండ్స్ (ఆట హద్దు బయట), ఒక పెనాల్టీ త్రోతో పోతుంది. మన చెరువుల్లో గుర్రపుడెక్క కింద ఎంత బురద ఉందో పైనుంచి తెలియదు.

చెట్టెక్కొద్దు. డిస్కు దించడానికి ఇంకో డిస్కు, రాయి విసరొద్దు, అది కూడా ఎవరి మీదో పడుతుంది.

తలకు దెబ్బ తగిలినవాళ్లు ఆ రోజు ఇక ఆడకూడదు. వాంతి, మత్తు, అయోమయం, మాట తడబడడం, వీటిలో ఏది కనబడినా వెంటనే ఆస్పత్రి. రాత్రి ఇంట్లో ఒంటరిగా ఉంచొద్దు.

కంటికి తగిలితే నలపొద్దు, నొక్కొద్దు, చుక్కలు వేయొద్దు. కాగితం కప్పు అడుగు భాగం తెరలా పెట్టి, కంటిని తాకకుండా అంటించి, మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆస్పత్రికో బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్‌కో తీసుకుపోండి. ఏది దగ్గరైతే అది.

గ్రూపులో ఒకరి ఫోన్లోనైనా ఛార్జింగ్ నిండుగా ఉండాలి. మీరు ఏ గేటు దగ్గర, ఎన్నో హోల్ దగ్గర ఉన్నారో అంబులెన్స్‌కు చెప్పడం వచ్చి ఉండాలి. మ్యాప్‌లో పిన్ ముందే పెట్టుకోండి.

పద్దెనిమిదో హోల్ అయ్యాక స్కోరుకార్డు హోల్ తర్వాత హోల్ సరిచూసుకోండి. తప్పు కార్డు ఇస్తే రెండు పెనాల్టీ త్రోలు పడతాయి. ఆ పని కూడా చివరి బాస్కెట్ పక్కన నిలబడి చేయొద్దు. వెనక గ్రూపు విసరడానికి సిద్ధంగా ఉంటుంది. టెంటు దగ్గరికి వచ్చి చేయండి.