సిరామిక్ గ్రిల్ గేటు దగ్గర దింపేసి వెళ్తే

లారీవాళ్లు పెట్టెను గేటు దగ్గర దింపేస్తారు, పెరట్లోకి చేర్చే తంటా మనదే. 18 అంగుళాల కమాడో (గుడ్డు ఆకారంలో ఉండే సిరామిక్) గ్రిల్ 70 కిలోల పైమాటే. బెంగళూరు ఇళ్లలో పక్కసందు చాలాచోట్ల మూడడుగులే. బండి రాకముందే టేపుతో కొలిచి, 12 ఎంఎం ప్లైవుడ్ ముక్కలు రెండు, రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవువి, తెచ్చిపెట్టుకోండి.

ముందు లోపలి జాలీ, నిప్పుల గిన్నె, దానిపై రింగు ఒక్కొక్కటే తీసి గోనెసంచి మీద పెట్టండి. బరువు బాగా తగ్గుతుంది. మూత తెరుచుకోకుండా తాడు కట్టి, ఒకరు కింది గాలిరంధ్రం అంచు, ఇంకొకరు వెనక అడుగుభాగం పట్టుకుని స్టాండులోకి ఎత్తాలి. కీలు పట్టుకుని మాత్రం ఎత్తొద్దు, మూత చుట్టూ ఉండే ఇనుప పట్టీ జారితే మూత పగిలినట్టే.

స్టాండు చక్రాలు కడప బండల సందుల్లో దిగబడతాయి. ఒక ప్లైవుడ్ దాటగానే దాన్ని తెచ్చి ముందు వేస్తూ పోండి. నెట్టకండి, నెమ్మదిగా లాగండి: నెడితే ముందు చక్రం ఆగిన చోట మొత్తం బోర్లాపడుతుంది.

వానకు నానిన ఎర్రమట్టిలో ఈ ఉపాయం పనికిరాదు. ప్లైవుడ్ ఒకవైపు కుంగి గ్రిల్ ఒరుగుతుంది. నేల ఆరేదాకా గేటు దగ్గరే టార్పాలిన్ కప్పి ఉంచండి.