అమెరికా ప్రభుత్వ ఆఫీసుల్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఎలా అడగాలి?

గ్రీన్‌కార్డు మీద అమ్మానాన్నల్ని తెచ్చుకున్న చాలా ఇళ్లల్లో ఒక అలవాటు ఉంది. సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్) ఆఫీసుకైనా, కౌంటీలో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) పనికైనా, డాక్టర్ దగ్గరికైనా కొడుకో కూతురో సెలవు పెట్టి వెంట వెళ్తారు. వాళ్లకి కుదరకపోతే ఇంగ్లిష్ గడగడా మాట్లాడే మనవడిని పంపుతారు. అడిగేదీ వాళ్లే, జవాబు చెప్పేదీ వాళ్లే. ఎవరి పని మీద వెళ్లారో ఆ పెద్దాయనో పెద్దావిడో పక్కన కూర్చుని తలూపుతుంటారు. చాలా చోట్ల ఇలా చేయాల్సిన అవసరమే లేదు. మన మాట ఇంగ్లిష్‌లో, వాళ్ల మాట తెలుగులో చెప్పే ఇంటర్‌ప్రెటర్‌ని ఆఫీసువాళ్లే, పైసా తీసుకోకుండా ఏర్పాటు చేస్తారు. కాకపోతే అడగాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎలా అడగాలో ఇక్కడ రాస్తున్నాను. పౌరసత్వం ఇంటర్వ్యూకి మాత్రం పద్ధతి వేరు, అదీ చెబుతాను.

ఈ హక్కు ఎక్కడిది?

1964 నాటి పౌరహక్కుల చట్టంలో ఆరో అధ్యాయం ఉంది. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) డబ్బు తీసుకునే ఏ సంస్థా పుట్టిన దేశాన్ని బట్టి మనిషిపై వివక్ష చూపకూడదని అది చెబుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీస్ పిల్లల చదువు గురించి వచ్చిన కేసులో 1974లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని భాష విషయానికీ వర్తింపజేసింది. అందుకే రాష్ట్ర మెడికెయిడ్ ఆఫీసు, కౌంటీ, ఆసుపత్రి, ప్రభుత్వ బడి లాంటి చోట్ల "మాకు ఇంగ్లిష్ రాదు" అన్నవాళ్లని ఊరికే వెనక్కి పంపకూడదు. వైద్యం విషయంలో 2010 ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 1557వ సెక్షన్ ఇంకా గట్టిది, దాని సంగతి ఆసుపత్రి దగ్గర చెబుతాను.

సోషల్ సెక్యూరిటీ లాంటి ఫెడరల్ ఆఫీసుల సంగతి కొంచెం వేరు. 2000 ఆగస్టులో అప్పటి అధ్యక్షుడు క్లింటన్ ఇచ్చిన 13166 నంబర్ ఉత్తర్వు వాటిని భాషా సహాయం ఇమ్మంది. 2025 మార్చి 1న ట్రంప్ ఇంగ్లిష్‌ని అధికార భాషగా ప్రకటిస్తూ దాన్ని రద్దు చేశారు. ఆ వార్త చూసి మనవాళ్లలో చాలామంది "ఇక ఇంటర్‌ప్రెటర్లు ఉండరట" అని టెన్షన్ పడ్డారు. కొత్త ఉత్తర్వు సేవలు ఆపమని ఏ ఆఫీసుకీ చెప్పలేదు, నిర్ణయం ఆయా శాఖల అధిపతులకు వదిలింది. 1964 చట్టమూ, 1557వ సెక్షనూ కాంగ్రెస్ చేసిన చట్టాలు. ఉత్తర్వు మారినంత మాత్రాన అవి పోవు. కాబట్టి అడగడం మానొద్దు.

ఇంగ్లిష్ రాదని రుజువు చూపించక్కర్లేదు. పరీక్షా, సర్టిఫికెట్టూ ఏమీ ఉండవు. "నాకు ఇంగ్లిష్ సరిగా రాదు" అని మీరు చెబితే చాలు. షాపులో నాలుగు ముక్కలు మాట్లాడగలిగినా, పెన్షన్ లెక్కల గురించో ఆపరేషన్ గురించో మాట్లాడేటప్పుడు ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు. అందులో నామోషీ పడాల్సిందేమీ లేదు.

ఫోన్‌లో అడిగే పద్ధతి

సోషల్ సెక్యూరిటీ నంబర్ 1-800-772-1213. ఫోన్ ఎత్తగానే మిషన్ ఇంగ్లిష్‌లో మాట్లాడుతుంది. స్పానిష్‌కి ఒక నంబర్ నొక్కమంటుంది, తెలుగుకి అలాంటిదేమీ లేదు. సోషల్ సెక్యూరిటీ వాళ్లు చెప్పే పద్ధతి ఏమిటంటే, మిషన్ ఎన్ని ప్రశ్నలు అడిగినా ఏమీ మాట్లాడకుండా లైన్లోనే ఉండాలి. మనిషి వచ్చాక రెండు మాటలు చాలు: "తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్." ఉద్యోగి మిమ్మల్ని హోల్డ్‌లో పెట్టి ఇంటర్‌ప్రెటర్‌ని లైన్లోకి తెస్తారు. అక్కడి నుంచి ముగ్గురి మధ్య మాట. మన పెద్దవాళ్లు ఎక్కువగా ఫోన్ పెట్టేసేది ఈ హోల్డ్‌లోనే. సంగీతం మోగుతుంటే కాల్ పోయిందనుకుంటారు. పోలేదు, ఆగండి.

మీ మాటని అవతలివాళ్లు సరిగా వినకపోతే "ఇండియన్" అనో "సౌత్ ఇండియన్" అనో చెప్పొద్దు, హిందీ మనిషిని తెచ్చేస్తారు. "టి, ఇ, ఎల్, యు, జి, యు" అని ఒక్కొక్క అక్షరం చెప్పండి. ఈ అక్షరాలు ఒక కార్డు మీద రాసి అమ్మానాన్నల పర్సులో పెట్టండి. కౌంటర్ దగ్గర కూడా అదే చూపించొచ్చు. కొన్ని ఆఫీసుల్లో భాషల పట్టీ చూపించి వేలు పెట్టమంటారు. అందులో తెలుగు లేకపోతే పక్కనున్న హిందీ మీదో తమిళం మీదో వేలు పెట్టకుండా మీ కార్డు ఇవ్వండి.

మెడికేర్‌కి (ముఖ్యంగా 65 దాటినవాళ్లకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) 1-800-633-4227, ఆరోగ్య బీమా కొనుక్కునే ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌కి 1-800-318-2596. ఇక్కడా మనిషి లైన్లోకి వచ్చాక తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి. రాష్ట్ర మెడికెయిడ్, ఫుడ్ స్టాంప్స్ (తిండి సరుకులకి ప్రభుత్వ సాయం) ఆఫీసుల నంబర్లు మాత్రం రాష్ట్రానికో తీరు. మీకొచ్చిన ఉత్తరం మీద ఉన్న నంబరే వాడండి.

ఆఫీసుకి స్వయంగా వెళ్లాలంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి. అక్కడికి వెళ్లాక అడిగినా ఫోన్‌లో ఏర్పాటు చేయొచ్చు గానీ, స్పానిష్ దొరికినంత తొందరగా తెలుగు దొరకదు. ముందే చెబితే ఆ టైముకి మనిషిని సిద్ధంగా ఉంచుతారు.

దరఖాస్తులో భాష గడి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. మార్కెట్‌ప్లేస్, మెడికెయిడ్ దరఖాస్తుల్లో మీరు ఏ భాషలో మాట్లాడటానికి, ఏ భాషలో చదవటానికి ఇష్టపడతారని రెండు ప్రశ్నలు ఉంటాయి. అమ్మ తరఫున ఫారం నింపేది కొడుకు కాబట్టి చెయ్యి అలవాటు కొద్దీ రెండిట్లోనూ ఇంగ్లిష్ అని పెట్టేస్తుంది. ఆ గడిలో ఇంగ్లిష్ పడింది కాబట్టి ఆవిడ ఫైలు ఇంగ్లిష్ వచ్చిన మనిషి ఫైలుగా నడుస్తుంది. ఏడాదికోసారి రెన్యువల్ వస్తుంది, ఆ ఫైలు చూసే ఉద్యోగి, అంటే కేస్‌వర్కర్, ఇంగ్లిష్‌లో ఫోన్ చేస్తారు, ఆవిడ "సన్ వర్క్, సన్ వర్క్" అని పెట్టేస్తుంది. గడువులోగా జవాబు రాలేదని కవరేజ్ ఆగిపోతుంది.

మాట్లాడే భాష గడిలో తెలుగు అని పెట్టండి. పట్టీలో లేకపోతే "ఇతర" ఎంచుకుని తెలుగు అని రాయండి. ఉత్తరాలు తెలుగులో వస్తాయని మాత్రం ఆశ పెట్టుకోవద్దు, చాలా చోట్ల రావు. కానీ ఉత్తరంతో పాటు ఒక పేజీ ఉంటుంది, భాషా సహాయం ఉచితమని రకరకాల భాషల్లో చిన్న చిన్న పేరాలు ఉంటాయి. దాన్ని పారేయకండి. ఆ నంబర్‌కి చేసి ఉత్తరంలో ఏముందో తెలుగులో చదివి చెప్పమని అడగొచ్చు. ఇప్పటికే ఇంగ్లిష్ అని పెట్టేసి ఉంటే, ఒక్క ఫోన్ చేసి మార్పించండి. మళ్లీ దరఖాస్తు పెట్టక్కర్లేదు.

ఆసుపత్రిలో

మెడికేర్, మెడికెయిడ్ డబ్బు తీసుకునే ఆసుపత్రులూ క్లినిక్కులూ అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి. "మీ మనిషిని మీరే తెచ్చుకోండి" అనకూడదు. పిల్లల చేత అనువాదం చేయించకూడదు. ప్రాణం మీదికొచ్చి, ఇంటర్‌ప్రెటర్ వెంటనే దొరకని పరిస్థితిలో తాత్కాలికంగా తప్ప. పెద్దవాళ్లయిన కొడుకూ కూతురూ చేయాలన్నా అది రోగే కోరుకోవాలి. 2024లో వచ్చిన నిబంధన ప్రకారం, ఆ కోరికని ఇంటర్‌ప్రెటర్ సాయంతో, వెంటవచ్చిన వాళ్లు గదిలో లేనప్పుడు అడిగి తెలుసుకుని రికార్డులో రాయాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే కొడుకు గదిలో ఉంటే తల్లి గర్భసంచి సమస్య గురించి నోరు విప్పదు. తండ్రి తాగుడు సంగతి కూతురి ముందు చెప్పడు. డాక్టర్ క్యాన్సర్ అంటే కొడుకు ఆ మాట మింగేసి "ఏం లేదు నాన్నా, చిన్న గడ్డ" అంటాడు. ప్రేమతోనే అంటాడు. కానీ ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేది ఆ నాన్న.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకీ ఇదే వర్తిస్తుంది, ఈ హక్కుకి వీసాతో సంబంధం లేదు. వైద్యం బిల్లు సంగతి వేరు, ఇంటర్‌ప్రెటర్‌కి మాత్రం బిల్లు వేయకూడదు.

వీడియోలో వచ్చిన ఇంటర్‌ప్రెటర్ మరీ గ్రాంథికంగా మాట్లాడినా, యాస అర్థం కాకపోయినా తలూపొద్దు. "మామూలు మాటల్లో చెప్పండమ్మా" అనండి. అప్పటికీ కుదరకపోతే వేరే మనిషిని అడగండి. డాక్టర్ వైపు చూస్తూ రెండు మూడు వాక్యాలు చెప్పి ఆగితే పని సాఫీగా సాగుతుంది. ఇంటర్‌ప్రెటర్ తన ఐడీ నంబర్ చెబుతారు, తేదీతో సహా రాసుకోండి.

పౌరసత్వం దగ్గర రూలు తిరగబడుతుంది

ఇమిగ్రేషన్ శాఖ సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూకి ఇంటర్‌ప్రెటర్‌ని ఇవ్వదు. మీరే తీసుకెళ్లాలి. అదీ అందరికీ కుదరదు, ఎందుకంటే ఇంగ్లిష్ రావడం పౌరసత్వానికి ఒక షరతు. ఆ షరతు నుంచి వయసును బట్టి మినహాయింపు ఉన్నది రెండు రకాల వాళ్లకే: దరఖాస్తు పెట్టేనాటికి 50 ఏళ్లు నిండి, గ్రీన్‌కార్డుతో 20 ఏళ్లు ఉన్నవాళ్లు, 55 నిండి, 15 ఏళ్లు ఉన్నవాళ్లు. వీళ్లు చరిత్ర, ప్రభుత్వం ప్రశ్నలకి తెలుగులో జవాబు చెప్పొచ్చు. 65 నిండి 20 ఏళ్లు గ్రీన్‌కార్డు ఉంటే చదవాల్సింది 20 ప్రశ్నలే. అందులో 10 అడుగుతారు, 6 చెబితే పాస్.

లెక్క వేసుకోండి. అరవై ఏళ్లకి గ్రీన్‌కార్డు వచ్చిన నాన్నకి తెలుగులో పరీక్ష ఇచ్చే అవకాశం 75కి వస్తుంది. మతిమరుపు జబ్బు లాంటి వైద్య కారణం వల్ల నేర్చుకోలేని వాళ్లకి ఎన్-648 అనే ఫారం ఉంది. అమెరికాలో లైసెన్స్ ఉన్న డాక్టర్ గానీ క్లినికల్ సైకాలజిస్ట్ గానీ నింపాలి. దానికి ఫీజు లేదు. వయసు మీద పడిందన్న ఒక్క కారణం మాత్రం సరిపోదు.

మీరు తీసుకెళ్లే ఇంటర్‌ప్రెటర్‌కి రెండు భాషలూ బాగా రావాలి, 18 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ ఐడీ ఉండాలి. మీ లాయర్ ఆ పని చేయకూడదు. జి-1256 అనే కాగితం మీద ఆఫీసర్ ఎదుట ఇద్దరూ సంతకం పెట్టాలి, ఇంటి దగ్గరే పెట్టేసి తీసుకెళ్లొద్దు. ఇంటర్‌ప్రెటర్ పనికిరాడనిపిస్తే ఆఫీసర్ కాదనొచ్చు. అందుకే సొంత కొడుకు కంటే బయటి మనిషి మేలు.

తెలుగు కాగితాల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. పాత పంచాయతీ జనన రిజిస్టర్ నకలు, పెళ్లి సర్టిఫికెట్ లాంటివి ఇమిగ్రేషన్‌కి ఇస్తే పూర్తి ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. పూర్తి అంటే పూర్తే. తహసీల్దారు గుండ్రటి ముద్రలో ఉన్న అక్షరాలూ, మార్జిన్‌లో గుమాస్తా చేత్తో రాసిన ముక్కా కూడా రావాలి. చదవడానికి రాని సంతకం ఉంటే ఆ చోట "సంతకం, చదవడానికి వీలుకాలేదు" అని ఇంగ్లిష్‌లో రాయించండి. కింద అనువాదకుడు తనకి రెండు భాషలూ వచ్చనీ, అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందనీ రాసి పేరు, అడ్రసు, తేదీతో సంతకం పెట్టాలి. నోటరీ అక్కర్లేదు, దానికి డబ్బు తగలేయకండి.

మిగతా చోట్ల

ఇమిగ్రేషన్ కోర్టులో ఇంటర్‌ప్రెటర్ ఖర్చు ప్రభుత్వానిదే. రాష్ట్ర కోర్టుల్లో అయితే నోటీసు చేతికి రాగానే క్లర్క్ ఆఫీసులో అడగండి, వాయిదా రోజున కాదు. బడిలో పిల్లల గురించి మీటింగ్ అంటే ఆ పిల్లల చేతే అనువాదం చేయించొద్దు, ముందే ఇంటర్‌ప్రెటర్‌ని ఏర్పాటు చేయమని స్కూలుకి చెప్పండి. పౌరసత్వం వచ్చి, ఇంగ్లిష్ బ్యాలెట్ చదవలేకపోతే ఓటు వేసేటప్పుడు నమ్మకస్తుణ్ని వెంట తీసుకెళ్లొచ్చు. మీకు ఉద్యోగమిచ్చిన యజమాని, మీ యూనియన్ ప్రతినిధి తప్ప ఎవరైనా సరే. 911కి ఫోన్ చేయాల్సి వస్తే ముందు ఇంటి అడ్రసు, తర్వాత "తెలుగు" అని చెప్పాలి. అమ్మానాన్నల చేత అడ్రసు ఇంగ్లిష్‌లో బట్టీ పట్టించండి.

ఇవ్వకపోతే

"ఇంటర్‌ప్రెటర్లు లేరు" అన్న మాట ఎవరు, ఎప్పుడు అన్నారో రాసుకుని సూపర్‌వైజర్‌ని అడగండి. చాలాసార్లు కింది ఉద్యోగికి టెలిఫోన్ ఇంటర్‌ప్రెటర్ లైన్ ఉన్న సంగతే తెలియదు, సూపర్‌వైజర్ దగ్గర తేలిపోతుంది. తేలకపోతే ఆసుపత్రి, మెడికెయిడ్ విషయాల్లో ఫెడరల్ ఆరోగ్య శాఖ పౌరహక్కుల కార్యాలయానికి, 1-800-368-1019కి ఫిర్యాదు చేయొచ్చు. సోషల్ సెక్యూరిటీ మీదైతే ఎస్‌ఎస్‌ఏ-437 ఫారం ఉంది. దేనికైనా సంఘటన జరిగిన 180 రోజుల్లోపు పెట్టాలి. ఫిర్యాదులో కోపం కంటే వివరాలు ఎక్కువ ఉండాలి: ఏ ఆఫీసు, ఏ తేదీ, ఏమని అడిగారు, ఏం జవాబు వచ్చింది, దానివల్ల మీకు ఏం నష్టం జరిగింది. ఆ ఫోన్‌లో కూడా తెలుగు ఇంటర్‌ప్రెటర్‌నే అడగండి.