సన్న రంధ్రాల అచ్చులో గొట్టాలు, 3వ పాఠం: ముందు నింపాలి, తర్వాతే అచ్చు కరిగించాలి

పోయిన రెండు పాఠాల్లో అచ్చు సంగతి చూశాం కదా, ఇవాళ దాని రంధ్రాల్లో నానోమీటర్ల వెడల్పు గొట్టాలు చేసి, కార్బన్ గొట్టాల్లో అయస్కాంత కణాలు నింపుదాం. అల్యూమినియం రేకుని ఆక్సాలిక్ యాసిడ్‌లో పెట్టి 40 వోల్టులిస్తే పైన ఆక్సైడ్ పొర పెరుగుతూ అందులో తేనెపట్టులా రంధ్రాలు వాటంతటవే వరసలో కుదురుకుంటాయి, ఒకదాని నడుమ నుంచి పక్కదాని నడుమకి సుమారు 100 నానోమీటర్లు, అంటే వోల్టుకి రెండున్నర చొప్పున. 1995లో జపాన్‌లో మసుదా, ఫుకుదా ఈ వరస చూపించారు. ఇవాళ మాత్రం రెడీమేడ్ అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) మెంబ్రేన్, అంటే రంధ్రాలున్న పల్చటి బిళ్ల, తీసుకుందాం, ఎందుకంటే మనకి కాస్త వెడల్పు రంధ్రాలు కావాలి. 13 మిల్లీమీటర్ల బిళ్ల, 60 మైక్రాన్ల మందం, రంధ్రం సైజు 200 నానోమీటర్లని రాసి ఉండేది. పట్టకారుతో అంచు మాత్రమే పట్టుకోండి, కొంచెం నొక్కితే చాలు పుటుక్కున విరుగుతుంది.

ముందు పాలిమర్ (ప్లాస్టిక్) గొట్టం, ఇది తేలికే. పాలిస్టైరీన్ పొర మీద బిళ్ల పెట్టి 200 డిగ్రీల దాకా వేడి చేస్తే కరిగిన పాలిమర్ రంధ్రాల్లోకి పాకుతుంది. అయితే రంధ్రమంతా నిండిపోదు, ముందు గోడకి పల్చగా పూతలా అంటుకుంటుంది, ఎందుకంటే అల్యూమినా ఉపరితల శక్తి ఎక్కువ, పాలిమర్‌ది తక్కువ. ఆ టైంలో చల్లార్చేస్తే గొట్టం మిగులుతుంది, గోడ మందం కొన్ని పదుల నానోమీటర్లు. 2002లో జర్మనీలో స్టైన్‌హార్ట్ వాళ్ల టీమ్ ఈ పద్ధతి చూపించింది. వేడి సరిపోకపోతే పాలిమర్ రంధ్రాన్ని నిండా నింపుకుంటూ మెల్లగా పైకెక్కుతుంది, అప్పుడొచ్చేది గొట్టం కాదు, కడ్డీ. బిళ్ల అడుగున మిగిలిన పొరని బ్లేడుతో గీకెయ్యడం మర్చిపోవద్దు, లేకపోతే అచ్చు కరిగాక గొట్టాలన్నీ ఆ పొరకే బ్రష్ వెంట్రుకల్లా అతుక్కుని ఉంటాయి.

ఇక కార్బన్. ఇంకో కొత్త బిళ్లని ట్యూబ్ ఫర్నేస్‌లో పెట్టి, గాలంతా జడవాయువుతో తోలేశాక 670 డిగ్రీల దగ్గర ఇథిలీన్ కొన్ని గంటలు పంపాలి (మండే గ్యాస్ కాబట్టి ఇది ల్యాబ్‌లో, తెలిసిన మనిషి పక్కనుండగానే). లోహపు క్యాటలిస్ట్ అక్కర్లేదు, గ్యాస్ విడిపోయి గోడల మీద కార్బన్ పేరుకుంటుంది, తెల్ల బిళ్ల నల్లగా బయటికొస్తుంది. ఈ కార్బన్ గ్రాఫైట్ అంత క్రమంగా ఉండదు, కానీ మన పనికి గొట్టం సరిగ్గా నిలబడితే చాలు.

అసలు పాఠం ఇక్కడుంది. ఇప్పుడు అచ్చు కరిగించకండి. నేను మొదటిసారి తొందరపడి కరిగించేసి, విడి గొట్టాల మీద అయస్కాంత ద్రవం పోశాను, కణాలు లోపలికన్నా బయటే ఎక్కువ అంటుకున్నాయి, ఎంత కడిగినా పోలేదు, వారం రోజుల పని పోయింది. అచ్చు ఉన్నంతసేపూ గొట్టం బయటి గోడ అల్యూమినాకి అతుక్కునే ఉంటుంది, కణం ఇరుక్కోవడానికి అక్కడ చోటే లేదు, లోపలికే పోవాలి. అందుకే ఫెర్రోఫ్లూయిడ్, అంటే సుమారు 10 నానోమీటర్ల మాగ్నెటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఐరన్ ఆక్సైడ్) కణాలున్న ద్రవం, ఒక చుక్క ఇప్పుడే బిళ్ల మీద వెయ్యండి. కేశనాళిక బలం దాన్ని లోపలికి లాక్కుంటుంది, పంపు గింపు ఏం అక్కర్లేదు.

ఎంత కావాలో లెక్క చూద్దాం. బిళ్ల ఘనపరిమాణం 8 మైక్రోలీటర్లు, అందులో సగం ఖాళీ అనుకున్నా పట్టేది 4 మాత్రమే. డ్రాపర్ చుక్క 50 దాకా ఉంటుంది, అంటే ఎక్కువ భాగం పైనే మిగులుతుంది, ఆరకముందే ఫిల్టర్ పేపర్‌తో అద్దేయండి. ఇంకోటి, ద్రవంలో కణాల వాటా కొద్ది శాతమే, ఆరిపోయాక గొట్టంలో చాలా భాగం ఖాళీగానే ఉంటుంది, ఎక్కువ కావాలంటే ఆరబెట్టి మళ్లీ నింపాలి.

ఆరాక బిళ్ల రెండు వైపులా పేరుకున్న కార్బన్ని మెత్తగా రుద్ది తీసెయ్యండి, ఇది కూడా పాలిమర్ పొర లాంటిదే, ఉంటే గొట్టాలు విడిపోవు. ఆ తర్వాత వేడి సోడియం హైడ్రాక్సైడ్ క్షారంలో వేస్తే అల్యూమినా కరిగిపోతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. అల్యూమినా యాసిడ్‌లో కూడా కరుగుతుంది కానీ యాసిడ్ మాగ్నెటైట్‌ని కూడా తినేస్తుంది, అందుకే క్షారం. పాలిస్టైరీన్ గొట్టాలకి క్షారంతో ఇబ్బంది లేదు గానీ వాటికి చల్లగానే వాడండి, పాలిస్టర్ లాంటివైతే మాత్రం క్షారంలో గొట్టం కూడా తెగిపోతుంది.

నీళ్లతో కడిగేటప్పుడు సీసా పక్కన అయస్కాంతం పెట్టి చూడండి. నల్లగా కలిసిపోయి ఉన్నదంతా మెల్లగా ఆ గోడ వైపు జరిగి నీళ్లు తేటపడతాయి. అయస్కాంతం తీసి సీసా కదిపితే గొట్టాలు నీళ్లలో మళ్లీ కలిసిపోతాయి, 10 నానోమీటర్ల మాగ్నెటైట్ క్షేత్రం పోగానే తన అయస్కాంతత్వం వదిలేస్తుంది కాబట్టి ఒకదానికొకటి అంటుకుని ఉండలు కట్టవు. ఉండలు కట్టాయంటే ఎక్కువసార్లు కారణం కడుగుడు చాలకపోవడమే, pH 7కి వచ్చేదాకా, అంటే క్షారం పోయేదాకా, కడగండి. వచ్చే పాఠంలో ఈ గొట్టాలని రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వరసగా నిలబెడదాం.