సెక్స్ వర్క్ చేసే మహిళ బెంగళూరులో అద్దె ఇల్లు తీసుకోవడం ఎలా?

బెంగళూరులో ఒంటరి ఆడమనిషికి ఇల్లు దొరకడమే కష్టం. ఆమె చేసేది సెక్స్ వర్క్ అని తెలిస్తే మాట గేటు దగ్గరే ముగుస్తుంది. తెలియకుండా దొరికినా, తర్వాత ఎవడో పసిగట్టి "ఓనర్‌కి చెప్పేస్తా" అంటూ డబ్బు గుంజుతాడు. ఈ భయంతోనే అనంతపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చిన మన అక్కచెల్లెళ్లు పేరు మీద ఒక్క కాగితం కూడా లేకుండా, ఎవరో చూపించిన గదిలో సర్దుకుంటారు. ఆ గది ఇచ్చినవాడే రేపు బయటికి గెంటుతాడు. అందుకే ముందే చెబుతున్నాను: చిన్నదైనా సరే, మీ పేరు మీద అగ్రిమెంట్ ఉన్న ఇల్లే తీసుకోండి.

ముందు చట్టం తెలుసుకోండి

మేజర్ అయిన మహిళ తన ఇష్టంతో ఈ పని చేయడం దానంతట అది నేరం కాదు. చిక్కంతా చోటు దగ్గర వస్తుంది. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం ప్రకారం వేరేవాళ్ల లాభం కోసం నడిచే చోటే కాదు, ఇద్దరు మహిళలు కలిసి తమ ఇద్దరి లాభం కోసం వాడుకునే గది కూడా వ్యభిచార గృహమే. తెలిసీ అలాంటి చోటు అద్దెకిచ్చిన ఓనర్ మీద కూడా కేసు పెడతారు. గుడి, బడి, హాస్టల్, ఆసుపత్రి, నర్సింగ్ హోమ్‌కి 200 మీటర్ల లోపు ఈ పని చేస్తే, ఒక్కతే అయినా శిక్ష పడొచ్చు. బెంగళూరులో 200 మీటర్ల లోపు గుడో బడో లేని వీధి ఎక్కడుంది చెప్పండి?

కాబట్టి అద్దె ఇల్లు మీరు ఉండటానికి మాత్రమే. పనిని దాని గడప దాటనివ్వకండి, కస్టమర్‌కి ఆ అడ్రస్ ఇవ్వకండి, క్యాబ్ కూడా వీధి చివరే దిగండి. మీ గుట్టు నిలిచేది ఈ అలవాటు వల్లే. ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. తెలిసీ సెక్స్ వర్కర్ సంపాదన మీద బతికే 18 దాటిన వాళ్లెవరైనా అదే చట్టం కింద నేరస్థులే. ముసలి తల్లిని, కాలేజీకెళ్లే కొడుకుని కూడా ఇందులోకి లాగొచ్చు. చాలా అన్యాయమైన సెక్షన్ ఇది. కానీ అమల్లో ఉంది, అందుకే ఇంట్లో ఉండేవాళ్లకి సొంత పని, సొంత బ్యాంకు ఖాతా ఉంటే మంచిది.

గుర్తింపు కార్డు

ఆధార్ లేకపోతే అగ్రిమెంట్ కదలదు. అడ్రస్ ప్రూఫ్ లేదని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు 2022 మే 19న ఇచ్చిన ఉత్తర్వు ఇందుకు పనికొస్తుంది. రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీ ప్రాజెక్ట్ డైరెక్టర్ ఇచ్చే సర్టిఫికెట్ మీద సెక్స్ వర్కర్లకి ఆధార్ ఇవ్వాలని, ఆ సంగతి గోప్యంగా ఉంచాలని కోర్టు చెప్పింది. దొంగ ఐడీ, లేని కంపెనీ పేరుతో లెటర్ మాత్రం వద్దు. దొరికితే ఇల్లు పోవడమే కాదు, మీ మీద వేరే కేసు పడుతుంది.

ఎలాంటి ఇల్లు?

మారతహళ్లి, మున్నేకొళాల, కె.ఆర్.పురం, బీటీఎం లేఅవుట్ వైపు మన తెలుగువాళ్లు ఎక్కువ. భాషకి సుఖమే, కానీ ఊరివాళ్లు ఎదురుపడే భయమూ ఎక్కువే. మీ మండలం వాళ్లు గుంపుగా ఉండే వీధి కాకుండా రెండు మూడు బస్టాపులు అవతల చూడండి. పెద్ద గేటెడ్ అపార్ట్‌మెంట్లలో వచ్చేపోయే ప్రతి మనిషి పేరూ గేటు సెక్యూరిటీ యాప్‌లో ఎక్కుతుంది, అసోసియేషన్ వాళ్ల ఆరాలు వేరే. ఓనర్ కింద ఉండి పైన పోర్షన్లు అద్దెకిచ్చే ఇళ్లలో మెట్లు ఓనరమ్మ కిటికీ ముందు నుంచే ఉంటాయి. మీరు రాత్రి పదకొండుకి చెప్పులు విప్పిన చప్పుడు కూడా ఆమెకి వినిపిస్తుంది. నన్నడిగితే ఓనర్ వేరేచోట ఉండి, నర్సులు, కాల్ సెంటర్ వాళ్లలా షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు అద్దెకున్న చిన్న బిల్డింగే మేలు. అక్కడ వేళకాని వేళ వచ్చినా ఎవరూ తల తిప్పి చూడరు.

"ఏం పని చేస్తావమ్మా? ఇంట్లో ఇంకెవరుంటారు?" ఈ రెండూ తప్పకుండా అడుగుతారు. కుట్టుపని, పార్లర్, వంటపని, మీరు నిజంగా చేసేది ఏదుంటే అది చెప్పండి. మిగతాది చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. కట్టుకథ అల్లితే మూడో నెలకి మీకే గుర్తుండదు.

"ఇల్లు నేనిస్తా, కస్టమర్లనీ నేనే పంపిస్తా, సగం నాకు" అనేవాడు ఎదురైతే అక్కడి నుంచి వచ్చేయండి. చట్టం దృష్టిలో అది వ్యభిచార గృహం. పైగా అడ్వాన్స్ అప్పుగా రాసుకుని మిమ్మల్ని అక్కడే కట్టిపడేస్తాడు.

డబ్బు, అగ్రిమెంట్

అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకి రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి గనక. బ్రోకర్ ఒక నెల అద్దె అడుగుతాడు. అడ్వాన్స్ ఇక్కడ భారీగా ఉంటుంది, ఐదారు నెలల అద్దె అడిగినా ఆశ్చర్యపోకండి, బేరమాడండి. అడ్వాన్స్, అద్దె రెండూ బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో ఓనర్ ఖాతాకే పంపండి. ఖాళీ చేయించాలంటే ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో, పెయింటింగ్‌కని అడ్వాన్స్‌లో ఎంత కోస్తారో, ఎన్ని రోజుల్లో అడ్వాన్స్ వెనక్కిస్తారో రాయించండి. ఇల్లు చేతికొచ్చిన రోజే తాళం మార్పించండి. బాత్రూం బల్బు హోల్డర్లు, ఎగ్జాస్ట్ సందు, స్విచ్‌బోర్డుల్లో కెమెరా దాచారేమో టార్చ్ వేసి చూడండి.

ఎవరైనా బెదిరిస్తే

మొదటిసారి డబ్బిచ్చారో, ప్రతి నెలా ఇవ్వాల్సిందే. మెసేజ్‌లు, కాల్ రికార్డులు దాచండి. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. మహిళలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయొచ్చు, హెచ్. సిద్దయ్య రోడ్డులో న్యాయ దేగుల భవనంలో ఉన్న కర్ణాటక రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థకి నేరుగా వెళ్లొచ్చు. ప్రమాదం తలుపు దాకా వస్తే 112.

పోలీసులు వస్తే గొడవపడకుండా అగ్రిమెంట్ చూపించండి, మహిళా పోలీసు ఉన్నారా అని అడగండి. సూర్యాస్తమయం తర్వాత, తెల్లవారేలోపు మహిళని అరెస్టు చేయాలంటే అసాధారణ కారణం ఉండాలి, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతితో మహిళా అధికారే చేయాలి. అగ్రిమెంట్ జిరాక్స్ ఒకటి ఇంట్లో, ఫొటో ఫోన్‌లో, ఇంకో కాపీ మీరు నమ్మే ఒక్క మనిషి దగ్గర ఉంచండి.